గియాంతో మాటల మధ్య ఖాళీలు

క్లాతెన్, జావా, 24 ఏప్రిల్ 1994

ఒసే రుమినీ,

బతికే ఉన్నాను. అది ముందే రాసేస్తే మిగతాది నిదానంగా చదువుతావని రాశాను. నా రాత చూసి నవ్వకు. మూడో తరగతిలో బడి మానేసిన చెయ్యి. పచ్చడి బండ పట్టుకున్నంత ధైర్యంగా పెన్ను పట్టుకోదు.

నీ తమ్ముడు గియాంతో పోయిన నూరో రోజు విందు అయింది. వీధి వీధంతా వచ్చారు. ప్రార్థన చదివే పెద్దాయన ఎంత జోరుగా చదివాడంటే, గియాంతో ఉంటే "అయ్యా, తోసుకోకండి, బస్సు ఇంకా కదల్లేదు" అనేవాడు. అది తల్చుకోగానే నాకు నవ్వొచ్చింది. భుజం మీది గుడ్డ నోట్లో కుక్కుకున్నాను. ఏడుస్తున్నాననుకుని పక్కింటి హర్తి నా వీపు నిమిరింది. నిమరనీలే అని ఊరుకున్నాను, ఊరికే వస్తోంది కదా.

వాడి బస్సు డ్రైవరు కూడా వచ్చాడు. "వానకి మెట్టు జారుడుగా ఉంది, లోపలికి రారా అన్నానమ్మా" అని మళ్ళీ అదే మాట. వాడు ఎప్పుడు లోపలికి వచ్చాడు చెప్పు? కడుపులోంచి కూడా మంత్రసాని వచ్చేదాకా ఆగకుండా గుమ్మంలోనే దిగిపోయాడు. కండక్టరు పని కాకపోతే ఇంకేం చేస్తాడు?

అంగడి మళ్ళీ తెరిచాను. ఆకుకూరలు ఉడకేసి వేరుశనగ పచ్చడి పోయడానికి ఏడుపేం అడ్డం రాదు. కాకపోతే మిరపకాయలు కాస్త ఎక్కువ పడుతున్నాయట. బస్టాండులో తిన్నవాళ్ళందరి కళ్ళల్లోనూ నీళ్ళే. మంచిదే, నాకు తోడుంటుంది.

ఒక్కటే బాధ. వాడు అందరి కల్లోకీ వస్తున్నాడు. హర్తి కల్లోకొచ్చి అరటిపండు బజ్జీలు అడిగాడట. డ్రైవరు కల్లోకొచ్చి హారన్ బాగు చేయించమన్నాడట. కన్నదాని కల్లోకి మాత్రం రాడు. గురువారం సాయంత్రం పోయినవాళ్ళు ఇంటికొస్తారు కదా అని గుమ్మంలో కాఫీ, లవంగాల సిగరెట్టూ పెడుతున్నాను. కాఫీ చీమలు తాగుతున్నాయి. సిగరెట్టు ఎవరు కాలుస్తున్నారో నాకు తెలుసు, హర్తి మొగుడు.

అన్నట్టు హర్తి అడిగింది, మీ అమ్మాయి హాలండులో ఏం చేస్తుందీ అని. పెద్ద పెద్ద చదువుల కాడ మన జావా మాటా, ఇండోనేషియా మాటా నేర్పుతుంది అన్నాను. "దానికి జీతమిస్తారా? మా మనవరాలు ఉత్తినే మాట్లాడుతుందే" అంది. ఏం చెప్పను? మూడొందల ఏళ్ళు మన చక్కెరా మిరియాలూ పట్టుకుపోయారు, మాట ఇక్కడే మర్చిపోయినట్టున్నారు, దానికోసం మళ్ళీ వచ్చారు అన్నాను.

నువ్వు రావద్దులే. పని చూసుకో.

నీ అమ్మ సాతియెమ్
(కవరు మీద "అంగడి సాతియెమ్" అని రాయి. లేకపోతే పోస్టు మనిషి చెరువుగట్టు సాతియెమ్‌కి ఇస్తాడు. ఆవిడ చదివేసి, తిరిగి అంటించి, నాకు సలహాలు చెప్తుంది.)


హాలండు, 12 మే 1994

అమ్మా,

నీ ఉత్తరం మెట్ల మీదే నిలబడి చదివాను. బజ్జీల దగ్గర నవ్వాను. పైనించి దిగుతున్న ప్రొఫెసర్ గారు "మంచి వార్తా?" అని అడిగారు. అవునన్నాను. ఇంకేమంటాను?

వాణ్ణి ఆ పూటే మట్టి చేసేశారు. నేను ఇక్కడ విమానం కోసం వెతుకుతూనే ఉన్నాను. ఆ మాట మనిద్దరం ఇప్పటిదాకా అనుకోలేదు. ఇప్పుడూ వద్దులే.

నీకో సంగతి చెప్పాలి. కిందటేడాది కాక ఆ ముందేడు రంజాన్ పండక్కి వచ్చినప్పుడు నేను చిన్న టేప్ రికార్డరు పట్టుకు తిరిగాను, గుర్తుందా? "దాన్ని పచ్చట్లో ముంచుతా" అన్నావు. అప్పుడు నీ అంగడి దగ్గర తమ్ముడి మాటలు పట్టాను. వాడు ట్రిప్పు దిగి వచ్చి, అన్నం తిని, నిన్ను ఏడిపించి వెళ్ళేదాకా. అది ఇక్కడ వినే పాఠంగా పెట్టాను. మా పుస్తకంలో అన్నీ "తమరి ఆరోగ్యం ఎట్లున్నది" లాంటివే. పిల్లలు నిద్రపోయేవాళ్ళు. గియాంతో మొదలవగానే లేచి కూర్చున్నారు.

వాడంటే వీళ్ళకి పిచ్చి. మరైకె అని పొడుగమ్మాయి ఒకతె ఉంది. వాడు యోగ్యా ఊరి బస్సుకి జనాన్ని పిలిచినట్టే తరగతి తలుపు పట్టుకుని వేలాడుతూ, "యోగ్యా యోగ్యా! లోపల చోటుంది, ఊపిరి బిగబట్టుకుంటే ఇంకా ఉంది!" అని అరుస్తుంది. కళ్ళు మూసుకుంటే వాడే. "నా విద్యార్థులు నన్ను బస్సెక్కించేలా ఉన్నారు, జావా మర్యాద ఎక్కడికి పోయింది?" అని ప్రొఫెసర్ గారి గోల.

వాడు పోయాడని వీళ్ళకి ఇంకా చెప్పలేదు. ఈ వారం కూడా పాఠం విన్నారు. నేను టేపు పెట్టేసి, బయట కారిడార్లో నిలబడ్డాను.

జాగ్రత్త. మిరపకాయలు తగ్గించు.

రుమిని


క్లాతెన్, 1 జూన్ 1994

రుమినీ,

ఈసారి బతికున్నానని రాయను. మండిపోతున్నాను.

నా కొడుకు గొంతు పెట్టెలో పెట్టుకుని కూర్చున్నావా? ఇన్నాళ్ళు? నేనిక్కడ వాడి చొక్కా వాసన చూసుకుంటున్నాను. అందులో ఇప్పుడు నా వాసనే తప్ప వాడిది లేదు. నువ్వేమో వాణ్ణి వారం వారం నిలబెట్టి పాఠాలు చెప్పిస్తున్నావు!

ఇప్పుడర్థమైంది వాడు నా కల్లోకి ఎందుకు రావట్లేదో. ఎలా వస్తాడే? పోయినవాళ్ళని పేరు పెట్టి గట్టిగా పిలవకూడదని నీకు తెలీదా? పిలిస్తే ఆగిపోతారు. నువ్వు వాణ్ణి చొక్కా పట్టుకుని హాలండుకి లాగుతున్నావు. గురువారం కాఫీ చల్లారిపోయిందంటే చల్లారదా మరి, వాడు అక్కడ డ్యూటీలో ఉంటే! బతికున్నప్పుడు వారానికో రోజు సెలవిచ్చేవాళ్ళు. నువ్వు అదీ ఇవ్వట్లేదు.

పైగా ఆ పొడుగుపిల్ల తలుపుకి వేలాడి వెక్కిరించడమొకటి. తలుపుకి వేలాడే కదే వాడు పోయాడు.

ఆపెయ్యి. ఆ టేపు ఇంక ఎవరూ వినడానికి వీల్లేదు. నాకేం అక్కర్లేదులే, నా దగ్గర మిషను కూడా లేదు. విని నేనేం చేసుకుంటాను? కానీ వాడి చేత పని మాత్రం మాన్పించు.

ముందు రాయడం మర్చిపోయాను, పనసకాయ కూర వండాను. నీకిష్టమని గుర్తొచ్చింది. కోపంలో కూడా గుర్తొస్తుంది, ఏం చెయ్యను?

అమ్మ


హాలండు, 19 జూన్ 1994

అమ్మా,

నువ్వు చెప్పినట్టే చేశాను. టేపు తీసి గ్రంథాలయం బీరువాలో పెట్టించాను. పైన "ఎవరికీ ఇవ్వకూడదు" అని చీటీ అంటించాను. నీకు కూడా పంపను, భయపడకు. వద్దన్నావు కదా.

పిల్లలు ఊరుకోలేదు. పరీక్ష ఆ పాఠం మీదే. "గియాంతో ఏడి? గియాంతో ఏడి?" అని అడిగారు. చెప్పేశాను. మరైకె బయటికి పోయింది. తలుపు చాలా మెల్లిగా వేసుకుని పోయింది. ఆమెది వెక్కిరింపు కాదమ్మా. వాడిలా మాట్లాడాలని ఆశ, అంతే.

మర్నాడు అందరూ కలిసి వాడి పేర విందు పెట్టారు, నాకు చెప్పకుండానే. హాస్టల్లో బల్లలు పక్కకి జరిపి కింద కూర్చున్నారు. అన్నం గోపురంలా నిలబెట్టబోతే అది మాడి, ఒక పక్కకి ఒరిగింది. ప్రార్థన ఎవరు చదువుతారని వెతికితే, రామిన్ అని సూరినామ్ నుంచి వచ్చిన కుర్రాడు లేచాడు. వాళ్ళ ముత్తవ్వని అక్కడి చెరకు తోటల్లో పనికి మన పక్క ఊరి నుంచే ఓడెక్కించారట. జావా నేల వాడెప్పుడూ తొక్కలేదు, కానీ ప్రార్థన మన ప్రార్థనే. యాస మాత్రం మన తాతల నాటిది. ఏదో పెద్దాయన కుర్రాడి గొంతుతో చదువుతున్నట్టుంది.

నీ కోపం పోయిందా? ఇంక వాడు నీ కల్లోకొస్తాడు. ఇక్కడ డ్యూటీ లేదు.

రుమిని


క్లాతెన్, 8 జూలై 1994

ఒసే చదువులతల్లీ,

నా కొడుకుని నా చేతికివ్వకుండా బీరువాలో పెట్టి తాళం వేశావా?

హర్తి దగ్గర టేపు మిషను అడిగి తెచ్చుకుని ఎన్నాళ్ళయిందో తెలుసా? దుమ్ము పడకుండా గుడ్డ కప్పి అన్నం కుండ పక్కన పెట్టాను. హర్తి రోజూ గోడ మీంచి తొంగి చూసి, "వచ్చాడా?" అంటోంది. పోస్టు మనిషి సైకిలు బెల్లు కొడితే మేమిద్దరం వీధిలోకి పరుగెత్తుతున్నాం. కరెంటు బిల్లు ఇచ్చి పోతున్నాడు.

వద్దన్నానట. అంటాను మరి. ఏనాడైనా మనింట్లో ఎవరైనా "నాకది కావాలి, ఇవ్వు" అన్నారా? మీ అత్త విందుకొచ్చి "నాకేం వద్దు, ఇప్పుడే తిన్నాను" అంటే నువ్వేం చేస్తావు, పళ్ళెం తీసేస్తావా? మూడు సార్లు బతిమాలి పెడతావు. నన్ను ఒక్కసారన్నా బతిమాలకుండా చీటీ అంటించేశావు. జావా వాళ్ళు వద్దంటే ఏమిటో మీ హాలండు పిల్లలకి నేర్పి జీతం తీసుకుంటున్నది నువ్వేనా, లేకపోతే ఇంకెవరైనా రుమినినా?

విందు సంగతి చదివి హర్తికి కూడా వినిపించాను. అన్నం మాడిందా? వాడికి అడుగంటిందే ఇష్టం. ఆ పిల్లలకి ఎవరు చెప్పారు? ఆ ఓడెక్కినావిడ మునిమనవడికి చెప్పు, ముత్తవ్వది ఏ ఊరో కనుక్కుంటే నేను వెళ్ళి వాళ్ళవాళ్ళెవరైనా ఉన్నారేమో చూసొస్తాను. అటు వెళ్ళే బస్సులో నాకు చార్జీ అడగరు. అడిగే ధైర్యం లేదు వాళ్ళకి.

కల్లోకి ఇంకా రాలేదు.

పంపితే పంపు, లేకపోతే లేదు. నాకేం.

సాతియెమ్


హాలండు, 20 జూలై 1994

అమ్మా,

పంపాను. ఈ ఉత్తరం కంటే ముందో వెనకో వస్తాడు. రిజిస్టరు చేశాను, దూది చుట్టాను, "అంగడి సాతియెమ్" అని పెద్ద అక్షరాలతో రాశాను. బీరువా తాళం ఇప్పించుకోవడానికి ప్రొఫెసర్ గారితో పోట్లాడాల్సొచ్చింది. "మీరే కదా ఎవరికీ ఇవ్వద్దన్నారు?" అంటాడాయన. "అన్నాను. మూడు సార్లు అడగాలని మీకు తెలీదా?" అన్నాను. లేచి వెళ్ళి తాళం తీశాడు.

ఉన్నది ఈ ఒక్కటే. నేను పట్టిన అసలు టేపుని పిల్లలు తిప్పీ తిప్పీ తెగ్గొట్టారు. జాగ్రత్త. పొయ్యి పక్కన పెట్టకు.

క్షమించమని అడగను, నువ్వు "దేనికీ" అంటావు.

రుమిని


క్లాతెన్, 16 ఆగస్టు 1994

రుమినీ,

వచ్చాడు. కానీ విరిగిపోయి వచ్చాడు.

మీ పోస్టాఫీసువాళ్ళు నా కొడుకుని సగం తినేశారు. హర్తి, దాని మొగుడు, డ్రైవరు, నేను, అందరం మిషను చుట్టూ కూర్చున్నాం. హర్తి మొగుడు మీట నొక్కాడు. గరగరమంది. తర్వాత, "అమ్మా, అన్నం ఉందా, ప్రయాణికులకే పెట్టేశావా?"

నా చేతిలోంచి గరిటె కింద పడిపోయింది. వాడేనే. పక్కనే ఉన్నాడు. నోట్లో వక్క ఉన్నట్టు ఆ "మ్మా" అనడం.

అంతే. ఆ తర్వాత ఏం లేదు. గరగర. డ్రైవరు మిషను నెత్తిన ఒకటిచ్చాడు. అప్పుడు, "ఈ పచ్చడి ఎవరి మీద కోపంతో నూరావు?" మళ్ళీ పోయాడు. మళ్ళీ వచ్చి, "అక్కా, ఆ పెట్టె ఆపు, నేను నమిలేది కూడా పాఠమేనా?" మళ్ళీ పోయాడు. ఒక్కో మాట అనడం, చచ్చిపోవడం. ఒక్కసారి పోతేనే తట్టుకోలేకపోయాను కదే. ఇన్నిసార్లా?

హర్తి మిషను కట్టేసింది. దాని మొగుడు గుమ్మంలో కూర్చుని గురువారం సిగరెట్టు కాల్చాడు. ఇవాళ మంగళవారం. కాల్చుకోనిచ్చాను.

ఆ పాడు పరికరాలతో ఏం చేశారు మీరు వాణ్ణి? రాయి.

అమ్మ


హాలండు, 2 సెప్టెంబరు 1994

అమ్మా,

టేపు పాడవలేదు. తప్పు నాదే, ముందే చెప్పాల్సింది. భాష నేర్పే టేపులు ఇలాగే చేస్తారు. ఒక మాట వినిపించి, ఆ మాట అనడానికి పట్టేంత ఖాళీ వదుల్తారు. ఆ ఖాళీలో పిల్లలు అదే మాట తిరిగి అంటారు. వాడు "అన్నం ఉందా" అంటే, ఇక్కడ గదంతా చెవులకి గొట్టాలు తగిలించుకుని "అన్నం ఉందా" అంటుంది. మా టేపులు చూసే లాబ్ ఆయన కత్తెరతో వాడి మాటల్ని ముక్కలు చేసి మధ్యలో ఆ ఖాళీలు అతికించాడు. నీ మాటలు కూడా ఉండేవి. పాఠానికి అడ్డమని తీసేశాడు. నేనే సరేనన్నాను.

వాడు చచ్చిపోవట్లేదమ్మా. ఎదురుచూస్తున్నాడు, అంతే.

డిసెంబరు సెలవులకి వస్తున్నాను. నువ్వు రావద్దన్నావు కాబట్టి.

రుమిని


క్లాతెన్, 25 సెప్టెంబరు 1994

తల్లీ రుమినీ,

నీ ఉత్తరం అందిన రోజు మధ్యాహ్నం, అంగట్లో జనం పల్చబడ్డాక, మిషను పెట్టాను. వాడు "అమ్మా, అన్నం ఉందా, ప్రయాణికులకే పెట్టేశావా?" అన్నాడు. గరగర మొదలైంది. ఈసారి భయపడలేదు. "చేతులు కడుక్కోరా ముందు, ఆ వేళ్ళతో ఎందరి చిల్లర ముట్టుకున్నావో" అన్నాను.

సరిగ్గా నా మాట అయ్యేసరికి వాడు అందుకున్నాడే! "ఈ పచ్చడి ఎవరి మీద కోపంతో నూరావు?" "నీ మీదే, ఇంకెవరి మీద?" అన్నాను. "అక్కా, ఆ పెట్టె ఆపు..." "అక్కనంటావేం, తినేటప్పుడు నోరు మూసుకుని నములు!" అన్నాను. ఎక్కడా తడబడలేదు. కండక్టరు కదా, ఎదుటివాళ్ళ మాట ఎప్పుడు అవుతుందో వాడికి తెలుసు. ఆ లాబాయన నా మాటలు కోసేశాడని తిట్టుకున్నాను కానీ, నా చోటు మాత్రం కొలిచినట్టు ఉంచాడు.

అప్పట్నుంచి రోజూ ఇదే. బస్టాండంతా మూగుతోంది. డ్రైవర్లు వాడితో బేరాలాడుతున్నారు. చెరువుగట్టు సాతియెమ్ కూడా వచ్చి, వాడు చిన్నప్పుడు దాని జామకాయలు కోసుకుపోయిన సంగతి ఖాళీ దొరికినప్పుడల్లా అడుగుతోంది. వాడు దానికి జవాబు చెప్పకుండా అన్నం అడుగుతాడు. బతికున్నప్పుడూ అంతే చేసేవాడు.

కల్లోకి రాలేదు. రాకపోతే పోనీ. పగలంతా ఇంత పోట్లాడుకున్నాక ఇంక రాత్రి మాట్లాడుకోవడానికేముంటుంది?

ఈ ఉత్తరంతో పాటు టేపు తిరిగి పంపుతున్నాను. ఉండు, అప్పుడే ఏడవకు. బాగా ఆలోచించే పంపుతున్నాను. వాడు ఇంటిపట్టున ఉండే మనిషి కాదు. అన్నం కుండ పక్కన గుడ్డ కప్పుకుని ఎన్నాళ్ళు కూర్చుంటాడు? వాడికి జనం కావాలి, తోపులాట కావాలి, తలుపు కావాలి. ఆ పొడుగుపిల్లకి చెప్పు, వేలాడితే వేలాడమను, కానీ నేల తడిగా ఉన్నప్పుడు వద్దు. ఇది నేను చెప్పానని చెప్పు. నాకింకో టేపు తీసి పంపాల్సిన అవసరం లేదు. ఈ వాక్యం ఎలా చదవాలో నీకు తెలుసనుకుంటాను.

ఒక మార్పు చేశాను. హర్తి మొగుడు చూపించాడు, ఎర్ర మీట కూడా కలిపి నొక్కితే మన గొంతు కూడా పడుతుందని. ప్రతి ఖాళీలోనూ నా జవాబు పట్టించాను. మీట మీద వేలు పెట్టి, వాడి మాట అవగానే నొక్కడం, వాడు మొదలెట్టేలోపు వదలడం. బస్సెక్కడం దిగడం లాంటిదే. ఒకచోట హర్తి తుమ్మింది. ఎలా తీసెయ్యాలో తెలీలేదు, అది కూడా నేర్పెయ్యి. ఇంక మీ పిల్లలని వాడి మాట తిరిగి అననివ్వకు. వెనకాల అంతమంది తన మాటే అంటుంటే వాడికి పొగరెక్కుతుంది. నేనేమన్నానో అది నేర్పు. పరీక్షలో అది అడుగు. అమ్మా అన్నం అనడం పుట్టిన ప్రతివాడికీ వస్తుంది. ఆ రెండో మాటకే చదువు కావాలి.

డిసెంబరులో రావద్దు, వానలు. పరుపు ఎండలో వేశాను.

ఇంకొకటి. చివర్లో వాడు చెయ్యి కడుక్కుని, "వస్తానమ్మా, బస్సు కదుల్తోంది" అంటాడు చూడు. అది ఇప్పుడు వినపడదు. దాని మీద నా గొంతుంది. "కూర్చో, ఇంకో గరిటె వేస్తున్నాను" అని. వేలు సమయానికి లేవలేదా అని హర్తి అడిగింది. అవునన్నాను. మీ ప్రొఫెసర్ అడిగినా అదే చెప్పు.

అమ్మ